ఎలా పడ్డారమ్మా?

ఈ రోజు ఫిజియోథెరపిస్టులుగా పట్టాలందుకున్న పిల్లలూ, వెనక వరుసల్లో కూర్చున్న అమ్మానాన్నలూ, ఒక సంగతి చెబుతాను.

ఇక్కడికి కూతవేటు దూరంలోనే, ఫిల్మ్‌నగర్ బస్తీలో, సినిమాలకు కాస్ట్యూమ్స్ కుట్టే ఒకావిడ ఉండేది. మల్టిపుల్ స్క్లెరోసిస్. మెదడులో, వెన్నుపాములో నరాల మీది మైలిన్ పొర దెబ్బతిని, కాలికి కబురు సరిగా అందని జబ్బు. నా దగ్గర నడిపించి చూస్తే బాగానే నడిచేది. ఇంట్లో మాత్రం నెలలో మూడుసార్లు పడింది.

ఒకరోజు ఆ ఇంటికే వెళ్లాను. బాత్రూమ్ గడప నాలుగు వేళ్ల ఎత్తు. ఆవిడకు కుడిపాదం ముందుభాగం పైకి లేవదు, బొటనవేలు గడపకు తగిలేది. ఆ జబ్బులో మూత్రం ఆపుకోవడం కష్టం. అర్ధరాత్రి లేచి గబగబా వెళ్లాలి, లైటు లేదు. అరికాలికి నేల సరిగా తెలియనివాళ్లు కళ్ల ఆసరాతోనే నిలబడతారమ్మా. చీకట్లో అదీ పోయింది. ఆరు వారాలు ఆవిడ చేత తొడ కండరాల వ్యాయామాలు చేయించాను కానీ, రాత్రి ఎన్నిసార్లు లేస్తారని ఒక్కసారీ అడగలేదు.

ఆస్ట్రేలియా, స్వీడన్, బ్రిటన్, అమెరికాల లెక్కలు కలిపి 2015లో చూస్తే, ఈ జబ్బున్నవాళ్లలో సగానికి పైగా మూడు నెలల్లో ఒక్కసారైనా పడ్డారు. ఫైట్ సీన్లో పడేవాడికి కింద పరుపు వేస్తారు, నడుముకు రోప్ కడతారు. వీళ్లు పడేది వంటింట్లో, మలుపు తిరుగుతూ, చేతిలో గిన్నెతో, ఎవరో పిలిస్తే జవాబు చెబుతూ. నడక మీద ఉండాల్సిన ధ్యాస మాట మీదికి పోతే చాలు. మే నెల ఎండలో ఈ జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కితే ఒళ్లు వేడెక్కి, దెబ్బతిన్న నరంలో కబురు మరీ మందగిస్తుంది. ఒకసారి పడ్డ భయంతో గడప దాటడం మానేస్తే కండ కరిగి, పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. పడ్డామని చెప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్లూ ఉంటారు. అందుకే మీరే అడగండి. ఏం చేస్తుంటే పడ్డారు, ఏ వేళప్పుడు, కాళ్లకు ఏం తొడుక్కున్నారు అని.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బు పేరుంది. వైకల్య సర్టిఫికెట్ సంగతి కూడా మీరే చెప్పండి.

ఆవిడ ఇంట్లో ఆ బాత్రూమ్ గడప కొట్టించి సిమెంటుతో వాలు చేయించాం, రాత్రి లైటు పెట్టించాం, గోడకు కడ్డీ బిగించాం. ఆవిడ రెండు చేతులా కడ్డీ పట్టుకుని, ఊగకుండా నిలబడి, "ఇంతేనా మేడం?" అంది. నాకు మాట రాలేదు.