మోటారుసైకిలు నడిపే పెద్దలకు నాలుగు మాటలు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సాలూరు నుంచి ఇచ్ఛాపురం దాకా క్యాంపులకు మనలో చాలామంది మోటారుసైకిళ్ళ మీదే తిరిగాం. ఆ సరదా పదవీ విరమణతో పోలేదు, పోనక్కరలేదు కూడా. అయితే బండీ మారింది, మన ఒళ్ళూ మారింది.

పాత బుల్లెట్టుకు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. ఇప్పటి వాటికి అది తారుమారు. గేదె అడ్డం వస్తే బుర్రకంటె ముందు కాలు కదులుతుంది, పాత అలవాటునే వెతుక్కుంటుంది. కనుక కొత్తబండి కొన్నవారు ఖాళీ మైదానంలో బాగా సాధన చేశాకే హైవే ఎక్కాలి.

నూర్పుల రోజుల్లో మన పల్లెరోడ్ల మీద చోళ్ళు, ఉలవలు ఆరవేస్తారు. గింజల మీదికి వచ్చాక బ్రేకు వేస్తే బండి జారుతుంది. ముందే వేగం తగ్గించండి.

నాతో పనిచేసిన మిత్రుడొకరు హెల్మెట్ పెట్టుకునే పడ్డారు. పట్టీ బిగించలేదు. హెల్మెట్ దూరంగా దొరికింది, మనిషి దక్కలేదు. ఐ.ఎస్.ఐ. గుర్తున్నదే కొనండి, గడ్డం కింద పట్టీ బిగించండి.

2019 చట్ట సవరణ ప్రకారం 55 ఏళ్ళు దాటినవారికి లైసెన్సు ఐదేళ్ళకే ఇస్తారు. వైద్యుని ధ్రువపత్రం కావాలి. గడువు తీరి ఏడాది దాటితే మళ్ళీ డ్రైవింగు పరీక్ష తప్పదు. ఆ ధ్రువపత్రాన్ని మొక్కుబడిగా తీసుకోకండి. కళ్ళు నిజంగా చూపించుకోండి.

మెడ వెనక్కి తిరగనినాడు తాళంచెవి మనమే పిల్లల చేతికిద్దాం. అందాకా జాగ్రత్తగా తిరుగుదాం. సెలవు.