కోపం వచ్చినప్పుడు ఒక్క ఊపిరి
(కల్వకుర్తి మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈ రోజు మన మనసు గురించి మాట్లాడుకుందాం. మనసు అనంగనే పురాణం చెప్తారేమో అనుకోకండి. పొయ్యి కాడ, చేను కాడ జరిగే ముచ్చటే ఇది.

పత్తి చేనులో నడుస్తుంటే కాళ్ల కింద ఏదో మెత్తగా తగులుతుంది. పామేమో! ఒక్క ఎగురు ఎగురుతాం. ఆ తర్వాతనే కిందికి చూస్తాం. చూస్తే నీళ్ల పైపు. అప్పటికే గుండె దడదడ కొట్టుకుంటుంది. ఊపిరి పైపైనే ఆడుతుంది. అరచేతుల్లో చెమట పడుతుంది. ఇది పిరికితనం కాదు. ఆపద వస్తే ఉరకడానికో, ఎదిరించడానికో ఒళ్లు అట్ల తయారవుతుంది. నిజంగా పామైతే ఆ ఎగురే మన పాణం కాపాడుతుంది.

చిక్కు ఎక్కడంటే, పాము లేని చోట కూడా ఒళ్లు ఇదే పని చేస్తుంది. పుణె వలస పోయిన కొడుకు ఫోను ఎత్తడు. రెండుసార్లు చేస్తాం, మూడుసార్లు చేస్తాం. మన మనసు అప్పటికే ఆస్పత్రి దాకా పోయి వస్తుంది. అప్పు కిస్తు రేపు కట్టాలంటే ఈ రాత్రి నిద్ర రాదు. విత్తనం పెట్టి పది దినాలైనా మొగులు మీద మబ్బు కానరాదు. ఇక్కడ ఉరకడానికి తావు లేదు. ఎదిరించడానికి ఎదుట మనిషి లేడు. ఒంట్లో లేచిన వేడి మాత్రం ఎక్కడో ఒకచోట దిగాలె. సరిగ్గా అప్పుడే చిన్నపిల్ల వచ్చి పాలు ఒలకబోస్తుంది. దాని వీపు మీద దెబ్బ పడుతుంది.

ఆ దెబ్బ పాల కోసం పడిందా, కిస్తు కోసం పడిందా? పిల్లకు తెల్వదు. ఆ నిమిషాన మనకూ తెల్వదు. దాన్ని ఆ నిమిషానే తెలుసుకోవడాన్ని ఎరుక అంటారు. "నాకెరుక లేదు" అంటాం కదా, ఆ ఎరుకే.

ఎట్ల చేయాలె? నోరు తెరిచేముందు, చెయ్యి లేచేముందు ఒక్క ఊపిరి చూడండి. ముక్కు కాడ గాలి లోపలికి పోతున్నది, బయటికి వస్తున్నది. దాన్ని గుంజొద్దు, ఆపొద్దు. తర్వాత ఒంట్లో ఏమైతుందో చూడండి. దవడ బిగిసిందా? గొంతు పట్టుకుపోయిందా? కడుపులో మండుతున్నదా? లోపల మెల్లగా అనుకోండి, "ఇది భయం" అనో, "ఇది కోపం" అనో. "భయపడొద్దు" అని మనసును అదిలించొద్దు. అదిలించిన కోడె ఇంకా బెదురుతుందే గాని నిలబడదు. దడ మరీ ఎక్కువుంటే గాలిని నిదానంగా, పొడుగ్గా బయటికి వదలండి. అట్ల వదిలితే గుండె వేగం కొంత తగ్గుతుంది.

మనసు నిలవదు. అప్పు కాడికి పోతుంది, కొడుకు కాడికి పోతుంది. పోయిందని తెలిసినప్పుడు మళ్లీ ఊపిరి కాడికి తోలుకురావాలె. నూరుసార్లు పోతే నూరుసార్లు తోలుకురావాలె. మేకలు కాసినవాళ్లకు ఈ పని కొత్త కాదు.

బావిలో పడ్డాక ఈత నేర్చుకుంటామా? అందుకే రోజూ అయిదు నిమిషాలు అలవాటు చేయాలె. కూర్చునే తీరిక ఎవరికుంది అంటారు. బియ్యం ఏరేటప్పుడు చేయండి, బస్సు కోసం నిలబడ్డప్పుడు చేయండి.

ఇది నేను కనిపెట్టింది కాదు. సుమారు రెండున్నర వేల ఏళ్ల కింద బుద్ధుడు ఊపిరిని గమనించడం నేర్పినాడు. మన కృష్ణ ఒడ్డున, నాగార్జునకొండలో, మూడో శతాబ్దంలో పెద్ద బౌద్ధ విహారాలు ఉండేవి. అక్కడి మహాచైత్యానికి దానం ఇచ్చింది ఒక ఆడమనిషి. ఇక్ష్వాకు రాజు చాంతమూలుని తోబుట్టువు, పేరు చాంతిశ్రీ. ఆమె పేరు రాతి మీద చెక్కి ఉంది. బర్మాలో పుట్టిన సత్యనారాయణ గోయెంకా అనే వ్యాపారి అక్కడ ఈ సాధన నేర్చుకున్నాడు. 1969లో మన దేశానికి వచ్చి నేర్పడం మొదలుపెట్టినాడు. దీన్ని విపశ్యన అంటారు. హైదరాబాదు నుంచి సాగర్ పోయే దారిలో 1976లో ధమ్మఖేత్త అనే కేంద్రం వెలిసింది. అక్కడ పది రోజులు మాట్లాడకుండా సాధన చేస్తారు. ఫీజు లేదు. 1994లో ఢిల్లీలోని తీహార్ జైలులో వెయ్యిమందికి పైగా ఖైదీలు ఒక్కసారే ఈ సాధనకు కూర్చున్నారు. అప్పుడు జైళ్ల అధికారి కిరణ్ బేడీ. అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన 1979లో ఇటువంటి సాధననే మతం మాట లేకుండా, పాఠంగా రోగులకు నేర్పినాడు. పది రోజులు ఇల్లు విడిచి పోవడం మనలో ఎందరికి కుదురుతుంది? అందుకే అయిదు నిమిషాల ముచ్చట చెప్తున్నా.

"తాగొచ్చి కొడుతుంటే కూడా ఊపిరి చూసుకుంట కూర్చోవాల్నా?" అని మీరు అడగొచ్చు. కూర్చోవద్దు. అది పైపు కాదు, పామే. తప్పుకోవాలె, నలుగురిని పిలవాలె, 181కి ఫోను చేయాలె. ఎరుక అంటే ఓర్చుకోవడం కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మనవంటి అక్కలే రాత్రి బడిలో సారా మీద పాఠం చదివినారు. వాళ్లకు కోపం వచ్చింది. ఆ కోపం సారా దుకాణం దిక్కు నడిచింది. ఊరూరికి పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా అమ్మకం బందయింది. ఎటు పోవాలో ఎరుక ఉన్న కోపం అది.

ఇంకో మాట. కళ్లు మూసుకుంటే కొందరికి పాత భయాలు ఎక్కువగా లేస్తాయి. అట్లయితే కళ్లు తెరిచి ఆపేయండి. వారాల తరబడి నిద్ర రాకున్నా, బతుకు వద్దనిపించినా ఒక్కరే మోయొద్దు. 14416 నంబరుకు ఫోను చేయండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం పెట్టిన నంబరు ఇది, పేరు టెలిమానస్. రాత్రి పగలు పలుకుతారు, తెలుగులో మాట్లాడుతారు, పైసలు పడవు. ఈ అయిదు అంకెలు ఇప్పుడే మీ నోటుబుక్కులో రాసుకోండి. రాయడం వచ్చింది కదా!

రాసినారా? ఇప్పుడు ఒక్క నిమిషం కూర్చుందాం. కళ్లు మూసుకున్నా సరే, నేల దిక్కు చూసినా సరే. చంటిపిల్లలున్నవాళ్లు ఎత్తుకొనే చేయండి. పిల్ల ఏడిస్తే ఆ ఏడుపు కూడా వినండి. ముక్కు కాడ గాలి లోపలికి పోతున్నది, చూడండి.