సేవా కార్యక్రమాల చిత్రీకరణ – మన బాధ్యత

(ఖరగ్‌పూర్‌లో కార్మిక కుటుంబాల యువతీయువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఊరిలోని ఒక సేవాసంస్థ వారు మీలో కొందరిని పిలిచి, బస్తీలో తాము నడుపుతున్న ఉచిత భోజనశాల గురించి, సాయంకాలపు బడి గురించి ఒక డాక్యుమెంటరీ చిత్రం తీసిపెట్టమని కోరినారు. ఒప్పుకొనవచ్చునా అని మీరు సంఘాన్ని అడిగినారు. ఒప్పుకొనండి అనియే మా సమాధానం. ఎట్లా తీయవలెనన్నదే చర్చించవలసిన విషయం.

ఆ సంస్థ వారు చేస్తున్నది మంచిపని. ఆకలిగొన్న బిడ్డకు అన్నం పెట్టేవారిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. లోపమంతా వారు మీ చేతికిచ్చిన కథాపత్రంలో ఉన్నది. దానిని మేము చదివినాము. అందులో వడ్డించేవారికి పేర్లున్నవి, తినేవారికి లేవు. ఒక తల్లి చేతులు జోడించి పళ్ళెం అందుకొనే దృశ్యం మూడుచోట్ల ఉన్నది.

ఆ తల్లిని మనం ఎరుగుదుము. ఆమె ఒక కంట్రాక్టరు క్రింద పారిశుధ్య పని చేస్తున్నది. రెండు నెలలుగా జీతం లేదు. కంట్రాక్టరు చెల్లించనిచో ప్రధాన యజమానియే చెల్లించవలెనని 1970 నాటి కంట్రాక్టు కార్మిక చట్టం చెప్పినది. దాని స్థానంలో వచ్చిన కొత్త కోడ్‌లోను ఆ బాధ్యత ఉన్నది. ఈ సంగతి చిత్రంలో లేకపోతే, ఆమె పేదరికం ఎండావానల వలె దానంతట అదే వచ్చిపడినట్లు కనిపిస్తుంది. మేము అడిగితే ఆమె అన్న మాట ఇది: "అన్నం ఎట్టినోల్ని తియ్యండి బాబూ, తప్పు నేదు. జీతం ఎగ్గొట్టినోడ్ని కూడా తియ్యండి."

ఈ సమస్య మనతో పుట్టినది కాదు. 1969లో మాల్కం మగ్గరిడ్జ్ అనే ఆంగ్ల పత్రికా రచయిత బి.బి.సి. తరఫున కలకత్తా వచ్చి మదర్ థెరీసా సేవపై చిత్రం తీసినారు. కాళీఘాట్‌లో మరణాసన్నులను ఉంచే గృహం చీకటిగా ఉన్నా బొమ్మలు చక్కగా వచ్చినవి. అది దివ్యకాంతి అని మగ్గరిడ్జ్ నమ్మినారు. కొడాక్ వారి కొత్త ఫిల్మువల్లనే అట్లా వచ్చినదని కెమెరామన్ కెన్ మాక్మిలన్ తరువాత చెప్పినారు. లోకం ఆ కాంతిని గురించి చాలాకాలం మాట్లాడుకొన్నది. మనుషులు నడివీధిలో ప్రాణం విడిచే స్థితి ఎందుకు వచ్చినదన్న ప్రశ్న వెనుకబడిపోయినది.

2004లో వచ్చిన 'బార్న్ ఇంటూ బ్రాథెల్స్' కలకత్తాలోని సోనాగాచి పిల్లలను గురించినది. పిల్లల చేతికి కెమెరాలిచ్చి ఫోటోలు తీయించడం మెచ్చదగిన ఆలోచనే. ఆ చిత్రానికి 2005లో ఆస్కార్ కూడా వచ్చినది. అయితే అక్కడి స్త్రీలకు 1995 నుండి 'దుర్బార్ మహిళా సమన్వయ సమితి' అనే సొంత సంఘం ఉన్నది. ఆ సంఘం కృషిని చిత్రం పట్టించుకోలేదన్న విమర్శ వచ్చినది. ఉన్న సంఘాన్ని లేనట్లు చూపడం మన కార్మికులకు కొత్త అనుభవమేమీ కాదు లెండి!

డబ్బిచ్చినవారు ఒప్పుకోరని మీరనవచ్చును. 1935లో లండన్ మురికివాడలపై 'హౌసింగ్ ప్రాబ్లమ్స్' అనే చిత్రానికి ఖర్చు పెట్టినది గ్యాస్ పరిశ్రమ. వారి వ్యాపారం వారు చూసుకొన్నారు. అయినా అందులో ఎలుకల గురించి, పురుగుల గురించి అద్దెకున్నవారే స్వయంగా కెమెరాతో చెప్పినారు. ఆనంద్ పట్వర్ధన్ బొంబాయి గుడిసెల కూల్చివేతపై 1985లో తీసిన 'హమారా షహర్' చిత్రంలో ఒక స్త్రీ చిత్రం తీసేవారినే నిలదీస్తుంది. ఆయన ఆ దృశ్యాన్ని కత్తిరించలేదు. మీరు తప్పక చూడవలసిన చిత్రమిది.

ఇక మన ఊరి సంగతి. బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపులో పనికై శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి వచ్చిన మన తాతలు 1927లో సమ్మెను, లాకౌట్‌ను చూసినారు. వి.వి. గిరి గారు అప్పటి నాయకులలో ఒకరు. 1974 మే నెలలో దేశవ్యాప్త రైల్వే సమ్మె జరిగినప్పుడు గిరి గారు రాష్ట్రపతి; కార్మికులు జైళ్ళలో. ఆ రోజులలో ఒకరి కుండలోని బియ్యం నాలుగు ఇళ్ళకు పంచుకొన్నామని మన పెద్దలు చెప్తారు. దానినెవరూ చిత్రం తీయలేదు. అందులో దాత ఎవరో, పుచ్చుకొన్నది ఎవరో విడదీసి చూపడం కష్టం మరి. ఆ ముసలమ్మలు ఇంకా కొందరున్నారు. భోజనశాల చూపిన తరువాత వారి దగ్గర కూర్చొని ఆ ముచ్చట రికార్డు చేయండి.

పిల్లల ముఖాలు చూపేముందు తల్లిదండ్రులను అడగండి. తెలుగువారిని తెలుగులో, బెంగాలీలను బెంగాలీలో అడగండి. చిత్రాన్ని దాతలకు చూపకముందే బస్తీలో చూపండి. తన బొమ్మ తీసివేయమని ఎవరన్నా మారు మాట్లాడకుండా తీసివేయండి.

అన్నిటికంటె కష్టమైనది ఆ తల్లి విషయం. ముఖం చూపి జీతం సంగతి చెప్తే మరునాడే పని పోవచ్చును. చూపకపోతే ఆమె మరల చేతులు జోడించిన బొమ్మగానే మిగిలిపోతుంది. ఈ నిర్ణయం మీది కాదు, మాది కూడా కాదు. ఆదివారం సాయంత్రం ఆమె మన కార్యాలయానికి వస్తున్నది. లేబరు అధికారికి ఇవ్వవలసిన ఫిర్యాదు కాగితం అప్పుడే వ్రాస్తాము. మీరు రండి. కెమెరా మాత్రం ఇంటివద్ద ఉంచి రండి.