పక్క ఖానాల ఉన్న పేరు
(విద్యార్థులు, ఉద్యోగుల సదస్సుల చేసిన ప్రసంగ పాఠం)



మన చరిత్ర మనమే రాసుకోవాలని ఉద్యమ కాలంల ఎన్నో సభలల్ల మాట్లాడినం. 2014ల రాష్ట్రం వచ్చింది. మరి రాసుకున్నమా? ఇయ్యాల ఉపన్యాసం చెప్పం. మాకు ఎదురైన సంగతి ఒకటి చెప్తం.

1934ల తెలంగాణల కవులే లేరన్నోళ్లకు సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతోని గోలకొండ కవుల సంచిక తెచ్చి జవాబు చెప్పిండు. ఉత్త మాటలతోని కాదు, అచ్చేసిన కాగితంతోని. అదే ధైర్యంతోని మేము కూడా మా ఊరి కాగితం వెతుక్కుంట తార్నాకల ఉన్న రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోయినం.

షాజహాన్, ఔరంగజేబు నాటి ఫార్సీ కాగితాల నుంచి నిజాం సర్కారు ఉర్దూ ఫైళ్ల దాక అక్కడ కోట్ల కాగితాలున్నయ్. ఊరి పేరు ఒక్కటి చెప్తె సరిపోదు. ఏ తాలూకా, ఏ సుబా? దివానీ ఊరా, జాగీరా, సర్ఫెఖాసా, సంస్థానమా? సాలు ఫసలీల ఉంటది, దానికి 590 కలిపితె మన లెక్క దొరుకుతది. మా తాత ఉర్దూల చదువుకున్నడు. మనుమలం మాత్రం ఆయన సంతకం కూడ చదవలేకపోయినం. ఉర్దూ తెలిసిన పెద్దమనిషి పక్కన కూసుంటెనే పని నడిచింది. మాది జాగీరు ఊరని అట్ల తేలింది.

ఊరి లెక్క దొరికింది. ఇంటి లెక్క కోసం 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీసుకున్నం. 1949ల జాగీర్లు రద్దయినంక ఊరూర ఏ భూమి ఎవరి పేర ఉన్నదో, ఎవరు దున్నుతున్నరో రాసిన కాగితమది. "ఆ చెల్క మీ తాత రెక్కల కష్టం" అని మా ఇంట్ల వినుకుంట పెరిగినం. పట్టాదారు ఖానాల తాత పేరు కనవడంగనె సంబురపడ్డం. పక్కన సాగు చేసేటోని ఖానా చూసినం. అండ్ల ఇంకో పేరున్నది.

ఆ పేరు మాకు తెల్వనిది కాదు. ఆయన మనుమడు ఇప్పటికీ మా ఊళ్లె కూలికి పోతడు. మమ్ముల "పటేలా" అని పిలుస్తడు.

ఇంటికొచ్చి బాపమ్మను అడిగినం. చానసేపు మాట్లాడలె. "ఆయన దున్నిండు, మనం తిన్నం బిడ్డా" అన్నది.

1950 కౌలుదారీ చట్టం దున్నెటోనికి రక్షణ ఇచ్చింది. ఆయన పేరు రక్షిత కౌలుదార్ల రిజిస్టరుకు ఎక్కిందో లేదో ఇంకా వెతుకుతున్నం. పహాణీ నకలు రెండోది తీసి ఆ మనుమని చేతుల పెట్టినం. అది ఆయన తాత కాగితం. దాంతోని ఏం చేస్తడో ఆయన ఇష్టం.

విద్యార్థి తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక్క మాట. ఉర్దూ అక్షరాలు నేర్చుకోండ్రి. మీ బాపమ్మలు, అమ్మమ్మలు ఉండంగనె అడుగుండ్రి. రెవెన్యూ ఉద్యోగులకు ఒక మనవి. ఆ పాత బస్తాలు చెదలు పట్టకుండ కాపాడుండ్రి, అండ్ల ఊరి బతుకు ఉన్నది.

దొరల చరిత్ర రాయాలన్నం, రాద్దాం. కని కాగితం మన దిక్కు వేలు చూపినప్పుడు దాన్ని మడిచి పెట్టొద్దు. పక్క ఖానా కూడ చదువుదాం.

సెలవు.