పింగాణీ కప్పుకు ఒక చీటీ

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జపాన్ పింగాణీ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. అది నవాబుల సరదా, గుమాస్తాలకెందుకని కొందరనుకోవచ్చు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ పాత్రలు చూసినవారికి అలాగే తోస్తుంది. కాని మన కృష్ణా తీరానికీ ఆ సరుకుకూ పాత చుట్టరికం ఉంది. పదిహేడో శతాబ్దంలో బందరులో బట్టలు కొన్న డచ్చి కంపెనీవారే, నాగసాకి రేవులో అరీతా పింగాణీని ఓడలకెక్కించారు. మన దేశపు అద్దకం బట్టలను జపానువారు ‘సరసా’ అని పిలుచుకున్నారు.

మా ఇంట ఉన్నవి తాతగారు 1930లలో రంగూన్ నుంచి తెచ్చిన టీ కప్పులు. ఆరింటికి నాలుగు మిగిలాయి.

మీ ఇంట్లోనూ ఉంటే కప్పు బోర్లించి అడుగు చూడండి. అమెరికా చట్టం వల్ల 1891 నుంచి ఎగుమతి సరుకు మీద దేశం పేరు వేయవలసి వచ్చింది. మొదట ‘నిప్పాన్’ అని, 1921 తర్వాత ‘జపాన్’ అని వేశారు. ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే అది యుద్ధం ముగిశాక, 1952 లోపు చేసినది. అయితే దొంగ ముద్రలూ ఉన్నాయి. ముద్ర ఒక్కటే సాక్ష్యం కాదు. భూతద్దంలో పువ్వు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అచ్చు వేసినది. కుంచె గీతలు కనిపించి, ఒక కప్పు మీది పువ్వు రెండో కప్పు మీది పువ్వుకు కాస్త తేడాగా ఉంటే చేతిపని.

బంగారు అంచును బూడిదతో, చింతపండుతో తోమకండి, చెరిగిపోతుంది. ప్లాస్టిక్ టబ్బులో తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీటితో కడగండి. కప్పులను ఒకదానిలో ఒకటి పెట్టవద్దు. పళ్లేల మధ్య మెత్తని గుడ్డ వేయండి. అద్దాల బీరువాలో, చంటిపిల్లల చేతికందని అరలో ఉంచండి.

అన్నిటికన్నా ముఖ్యం మరొకటుంది. మా వీధిలో ఒక పెద్దాయన పోయాక, ఆయన ప్రాణంగా చూసుకున్న పింగాణీ అంతా పాత సామాన్లవాడి తట్టలోకి వెళ్లింది. పిల్లలను ఏమనగలం? అదేమిటో వాళ్లకెవరూ చెప్పలేదు. నోటు లేని ఫైలు గతి మనకు తెలియనిదా!

అందుచేత ప్రతి వస్తువు వెంట ఒక చీటీ ఉంచండి: ఎవరు తెచ్చారు, ఎక్కడి నుంచి, ఏ ఏడు, మన తర్వాత ఎవరికి. ఏటా మన లైఫ్ సర్టిఫికెట్ మనం ఇచ్చుకుంటున్నాం. ఆ కప్పుల తరఫున రాయవలసినదీ మనమే.