స్కోర్‌కార్డ్‌లో బ్రాకెట్ల మధ్య మన భరత్

తెనాలిలో మా మేడ మీద గదిలోంచి మాట్లాడుతున్నా. వెనకాల రైలు కూత వినిపిస్తే ఏమనుకోకండి. ఇవాళ ధోనీ, పంత్ కాదు. మన వైజాగ్ కుర్రాడు కోన శ్రీకర్ భరత్ గురించి.

2015 ఫిబ్రవరి. నేను బాపట్లలో బీటెక్ ఫస్ట్ ఇయర్. పక్కన ఒంగోలులో ఆంధ్రా, గోవా రంజీ మ్యాచ్. భరత్ 308 కొట్టాడు. రంజీలో ట్రిపుల్ సెంచరీ చేసిన మొదటి వికెట్ కీపర్ అతనే. రైలెక్కితే చూసి రావచ్చు. రంజీకి ఎవరెళ్తార్లే అని నేను వెళ్లలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇక 2021కి వద్దాం. అక్టోబర్‌లో ఐపీఎల్. ఢిల్లీ మీద బెంగళూరుకి చివరి బంతికి 5 పరుగులు కావాలి. అవేశ్ ఖాన్ బౌలింగ్‌లో భరత్ సిక్స్ కొట్టాడు. 78 నాటౌట్.

మరుసటి నెల న్యూజిలాండ్‌తో కాన్పూర్ టెస్ట్. అప్పుడు నేను రేపల్లెలో ఇంట్లో ఉన్నా. వర్క్ ఫ్రమ్ హోమ్ అని పేరే గానీ వర్క్ లేదు. నాలుగు నెలలుగా బెంచ్. నాన్న రోజూ అడిగేవారు, "ప్రాజెక్ట్ ఏమైనా వచ్చిందా రా?" అని.

మూడో రోజు సాహాకి మెడ పట్టేసింది. భరత్ కీపింగ్‌కి దిగాడు. నాన్న అడిగారు, "ఈ కుర్రాడు టీమ్‌లో లేడు కదా?"

"లేడు నాన్నా. బెంచ్."

ఆ మాట అన్నాక ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

అశ్విన్ బౌలింగ్‌లో యంగ్ బ్యాట్‌కి తగిలిన బంతిని భరత్ బాగా కింద పట్టాడు. అంపైర్ ఔటివ్వలేదు. భరత్ పట్టుబట్టి కెప్టెన్ రహానేతో రివ్యూ తీయించాడు. ఔట్! తర్వాత టేలర్ క్యాచ్, 95 దగ్గర లేథమ్ స్టంపింగ్. స్కోర్‌కార్డ్‌లో మాత్రం "సబ్" అని, బ్రాకెట్లలో అతని పేరు. సబ్‌స్టిట్యూట్ కాబట్టి అవి అతని టెస్ట్ లెక్కలోకి రావు.

మర్నాడు నాన్న ప్రశ్న మారింది. "బెంచ్ మీద ఉన్నప్పుడు రోజంతా ఏం చేస్తార్రా?"

నా దగ్గర జవాబు లేదు. పొద్దున లాగిన్, సాయంత్రం లాగౌట్, మధ్యలో ఫోన్. నిజం చెప్తున్నా, సిగ్గేసింది. ఆ సోమవారం నుంచి రోజూ మూడు గంటలు కోడ్ రాయడం మొదలుపెట్టా. రెండు నెలలకి ఒక ప్రాజెక్ట్‌లో ఎవరో మధ్యలో మానేశారు. శుక్రవారం కాల్, సోమవారం జాయినింగ్. ఈసారి చేతులు వణకలేదు.

భరత్‌కి టెస్ట్ క్యాప్ 2023 ఫిబ్రవరిలో నాగ్‌పూర్‌లో వచ్చింది. అదీ పంత్‌కి కారు ప్రమాదం జరిగాక. మొదటి రోజే జడేజా బౌలింగ్‌లో లబుషేన్‌ని స్టంప్ చేశాడు. ఆడినవి 7 టెస్టులు, పరుగులు 221. సొంతూరు వైజాగ్‌లో ఇంగ్లండ్ మీద కూడా ఆడాడు, 17, 6. తర్వాతి మ్యాచ్‌కి జురెల్ వచ్చాడు. సగటు 20 అంటే తక్కువే, నేను వాదించను. కానీ స్పిన్ తిరిగే పిచ్ మీద వికెట్ల వెనక ఆ చేతుల్ని చూసినవాళ్లు సగటు ఒక్కటే చూసి మాట్లాడరు.

మీ కాలేజీ టీమ్‌లోనో, ఆఫీసులోనో ఇలాంటి భరత్ ఉంటే కామెంట్స్‌లో చెప్పండి. మా నాన్న కూడా చదువుతారు. ఉంటా మరి!