మన కథ రాసుకోవడానికి నలుగురు కావాలి

(స్వర్ణోత్సవాల ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "బడి జ్ఞాపకాలు ఏవైనా చెప్పండమ్మా, పావుగంట చాలు" అన్నారు. నేను తపాలా శాఖలో 39 ఏళ్లు పనిచేసి రిటైరయినదాన్ని. కౌంటరు వెనక కూర్చోవడం అలవాటు గానీ మైకు ముందు నిలబడడం అలవాటు లేదు. అందుకని కాగితం మీద రాసుకొచ్చాను. చూసి చదువుతాను, ఏమీ అనుకోవద్దు.

రిటైరయ్యాక రెండు నెలలు బాగానే గడిచాయి. మూడో నెలలో, ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ సర్దడం అయిపోయాక, ఏం చెయ్యాలో తోచలేదు. మా కోడలు, "అత్తయ్యా, మీరు చెప్పే కబుర్లన్నీ రాయకూడదూ?" అంది. విజయవాడలో మా ఇంటికి దగ్గర్లోనే, నెలకు రెండు ఆదివారాలు, ఎవరి జీవితం గురించి వాళ్లు రాసుకునేవాళ్లు కలుస్తారని తనే కనుక్కుని, తనే స్కూటీ మీద దింపి వెళ్లింది.

వెళ్లి చూస్తే పదకొండు మంది. ఒక లెక్కల మాస్టారు, ఒక రిటైర్డ్ బస్సు కండక్టరు, ఇంట్లో జాకెట్లు కుట్టే ఆవిడ, ఇద్దరు కాలేజీ పిల్లలు, నాలాంటి వాళ్లు ఇంకొందరు. అందులో పేరున్న రచయిత ఒక్కరూ లేరు. నడిపించే ఆవిడ ఒక మాట ఇస్తారు. 'పొయ్యి' అనో, 'మొదటి జీతం' అనో, 'తాళం' అనో. ఇరవై నిమిషాలు అందరూ తల వంచుకుని రాస్తారు, ఆవిడతో సహా. తర్వాత చదవాలనుకున్నవాళ్లు చదువుతారు. వద్దనుకుంటే "ఇవాళ వద్దు" అంటే చాలు, ఎందుకని ఎవరూ అడగరు.

మొదటి రోజు నేను రాసింది ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. "నేను ఫలానా గ్రామమున మధ్యతరగతి కుటుంబమున జన్మించితిని" అని మొదలుపెట్టి, చదువు, ఉద్యోగం, ప్రమోషను, పిల్లల పెళ్లిళ్లు, మొత్తం పేజీన్నరలో ముగించాను. సర్వీసు రిజిస్టరులా ఉంది. ఎవరూ బాగాలేదనలేదు. జాకెట్లు కుట్టే ఆవిడ మాత్రం, "మీ ఇంట్లో పొయ్యి ఎటువైపు ఉండేదండీ?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు రాయడానికి నాకు నాలుగు పేజీలు పట్టింది. మా అమ్మ, ఊక పొయ్యి, వానాకాలం తడిసిన పుల్లలు, పొగకు నీళ్లు కారే ఆవిడ కళ్లు, అన్నీ ఆ పొయ్యి వెంటే వచ్చాయి.

అక్కడ కొన్ని కట్టుబాట్లున్నాయి. విన్నది గది దాటి పోకూడదు. సలహాలు ఇవ్వకూడదు. తప్పులు దిద్దకూడదు. విన్నవాళ్లు తమ మనసులో ఏ మాట నిలిచిందో, ఎక్కడ ఇంకా వినాలనిపించిందో అది మాత్రం చెప్పాలి. అన్నిటికంటే నాకు వింతగా తోచింది ఇంకొకటి. చదివినావిడ గురించి మాట్లాడేటప్పుడు "మీరు అలా చేశారు" అనకూడదు. "ఆ కథ చెబుతున్న మనిషి అలా చేసింది" అనాలి. ఈ పద్ధతి అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్యాట్ ష్నైడర్ అనే రచయిత్రి పెంచి పోషించిందట. పేద కుటుంబాల ఆడవాళ్ల చేత ఆవిడ ఇలా కూర్చోబెట్టి రాయించింది. మొదట్లో నాకు ఇదేం నాటకం అనిపించింది. నా వంతు వచ్చాక గానీ దాని విలువ తెలియలేదు.

ఒక ఆదివారం ఇచ్చిన మాట 'చీటీ'.

మాస్టార్లూ, ఇక్కడినుంచి చెప్పబోయేది మన బడి సంగతే. ఇందులో తప్పు నాది, ఇంకెవరిదీ కాదు.

మేము పదో తరగతిలో ఉన్నప్పుడు నేను క్లాసు లీడర్ని. నా పక్కన కూర్చునే అమ్మాయి నాకు ఒకటో తరగతి నుంచీ నేస్తం. ఇద్దరం ఒకే గొడుగులో బడికి వచ్చేవాళ్లం. 1978 నవంబరులో ఆ అమ్మాయి దగ్గర సాంఘిక శాస్త్రం నోట్సు అడిగి ఇంటికి పట్టుకెళ్లాను. అందులోంచి ఒక చీటీ జారిపడింది. పక్క సెక్షను అబ్బాయి రాసిన నాలుగు వాక్యాలు. ఇవాళ మన మనవలు ఫోనులో పంపుకునే మాటలతో పోలిస్తే అందులో ఏమీ లేదు. పొద్దున్నే ఆ చీటీ తీసుకెళ్లి పెద్దవాళ్ల చేతిలో పెట్టాను. సాయంత్రానికి వాళ్ల నాన్న బడికి వచ్చారు. మర్నాటి నుంచి ఆ అమ్మాయి రాలేదు. మాఘమాసంలో పెళ్లయిపోయింది. ఆడపిల్ల పెళ్లి వయసు 18కి పెంచుతూ చట్టం మారింది సరిగ్గా ఆ 1978లోనే. మా ఊరికి ఆ కబురు అందలేదు. మార్చిలో మేమంతా పరీక్షలు రాశాం. ఆ బెంచీలో నేనొక్కదాన్నే కూర్చున్నాను.

ఈ సంగతి నేను 45 ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకూ చెప్పలేదు. ఆ ఆదివారం ఇరవై నిమిషాల్లో రాశాను. చదువుతుంటే గొంతు పట్టేసింది. చివర, "క్లాసు లీడరుగా నా బాధ్యత నేను నిర్వర్తించాననే అనుకున్నాను" అని ముగించాను.

ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. "పోన్లెండి, చిన్నతనం" అని ఓదార్చనూ లేదు. కండక్టరుగారు మాత్రం మెల్లగా, "కథ చెబుతున్న పిల్ల 'బాధ్యత' అనే మాట మూడుసార్లు అంది. మూడోసారికి నాకు అనుమానం వచ్చింది" అన్నారు. 'మీకు' అనకుండా 'ఆ పిల్ల' అన్నారు కాబట్టి నేను కుర్చీలో కూర్చోగలిగాను. లేకపోతే లేచి వచ్చేసేదాన్ని.

ఇంటికొచ్చి మళ్లీ రాశాను. మూడు రాత్రులు పట్టింది. బాధ్యత కాదు. చీటీ సంగతి నేస్తం నాకు చెప్పలేదు, వెనక బెంచీ అమ్మాయికి చెప్పింది. అదీ నా కడుపుమంట. పదిహేనేళ్ల పిల్ల ఉడుకుమోత్తనానికి నేను లీడరు బ్యాడ్జీ తగిలించి ఇన్నేళ్లు దాచుకున్నాను.

రాసుకుంటే మనసు తేలికపడుతుందని అందరూ అంటారు. అది సగమే నిజం. 1986లో అమెరికాలో జేమ్స్ పెన్‌బేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, శాండ్రా బీల్ అనే ఆవిడతో కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. కాలేజీ విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమ బతుకులో గట్టిగా బాధపెట్టిన సంగతి రాయించారు. జరిగినదీ, దానికి తమకేమనిపించిందీ రెండూ కలిపి రాసినవాళ్లు ఆ తర్వాతి నెలల్లో కాలేజీ వైద్యుడి దగ్గరికి తక్కువగా వెళ్లారట. కానీ రాసిన ఆ పూట మాత్రం వాళ్ల మనసు ఇంకా బరువెక్కిందట. నాకూ అంతే. ఆ మూడు రాత్రులూ నిద్ర లేదు. అందుకే ఒంటరిగా రాయకండి అంటాను. రాసేటప్పుడు ఒంటరితనం తప్పదు, రాశాక వినేవాళ్లు ఉండాలి.

ఆత్మకథ అనగానే మనకు వీరేశలింగం గారి 'స్వీయ చరిత్రము', ప్రకాశం గారి 'నా జీవిత యాత్ర' గుర్తొస్తాయి. అంతటి వాళ్లు రాయాలి గానీ మనకేం ఉంది అనుకుంటాం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల మాటల్లోనే చెప్పించి, స్త్రీ శక్తి సంఘటన వాళ్లు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అని పుస్తకం వేశారు. అడిగేవాళ్లు, వినేవాళ్లు ఉండబట్టి ఆ మాటలు మనకు దక్కాయి. కొండపల్లి కోటేశ్వరమ్మ గారి 'నిర్జన వారధి' 2012లో వచ్చేసరికి ఆవిడకు తొంభై దాటాయి. కాబట్టి ఆలస్యమైపోయిందని ఎవరూ అనుకోనక్కర్లేదు.

రెండో ప్రతి చదివిన రోజున కాలేజీ అమ్మాయి ఒకతె అడిగింది: "చీటీ పోగొట్టుకున్న అమ్మాయికి ఈ కథ తెలుసా?" నాకు జవాబు లేదు. రాసింది నా జీవితమే, అందులో సగం ఆవిడది. ఆవిణ్ణి అడగకుండా పదకొండు మందికి చదివేశాను.

మన సంఘం వాట్సాప్ గ్రూపులో అడిగితే, ఎవరో వాళ్ల తమ్ముడి నంబరు ఇచ్చారు. ఫోన్ చేశాను. "ఎవరూ? ఒసేయ్, నువ్వా! రిటైరయ్యావటగా!" అంది. అంతే. మొన్న శ్రావణంలో వెళ్లాను. గోదావరి అవతల చిన్న టౌను. ఇంట్లోనే చీరల వ్యాపారం. లెక్కలన్నీ తనే రాసుకుంటుంది, అదే గుండ్రటి చేతిరాత. భోజనం పెట్టింది. తాంబూలం అయ్యాక సంచిలోంచి కాగితాలు తీశాను. చదవమంది. చదివాను.

మధ్యలో ఒకసారి ఆపి, "ఆ రోజు ఓణీ పసుపుది కాదే, ఆకుపచ్చది" అంది. అయ్యాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "చీటీ ఇచ్చింది నువ్వేనని నాకు అప్పుడే తెలుసు. మా నాన్న ఆ సంబంధం వినాయక చవితికే ఖాయం చేశాడు. చీటీ ఒక వంక. అది కాకపోతే ఇంకోటి."

అమ్మయ్య అనుకున్నాను. 45 ఏళ్ల బరువు దిగిందనుకున్నాను. అప్పుడు అంది:

"కానీ ఒకటి రాయలేదు నువ్వు. నన్ను బడి మాన్పించాక రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చునేదాన్ని. నువ్వు మా ఇంటి ముందు నుంచే కదా వెళ్లాలి. నువ్వు దారి మార్చుకున్నావు. చెరువు గట్టు మీంచి చుట్టూ తిరిగి వెళ్లావు. పరీక్షలయ్యేదాకా అలాగే వెళ్లావు. చీటీ సంగతి ఎప్పుడో మరిచిపోయానే. అది మరిచిపోలేదు."

నమ్మండి, ఆ చెరువు గట్టు నాకు గుర్తు లేదు. రెండు ప్రతులు రాశాను, ఎక్కడా లేదు. ఆవిడ చెప్పాక మాత్రం గట్టు మీది తుమ్మచెట్టుతో సహా అంతా కళ్ల ముందుకొచ్చింది. చేసిన తప్పుకు కాకుండా, నాకు గుర్తున్న తప్పుకు ఇన్నేళ్లూ బాధపడ్డాను. మన కథ మన దగ్గరే పూర్తిగా ఉంటుందనుకుంటాం. కొన్ని పేజీలు అరుగుల మీద కూర్చున్నవాళ్ల దగ్గర ఉండిపోతాయి.

క్షమించమని అడిగాను. "భోజనం పెట్టానుగా" అంది. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఇప్పటికీ ఆలోచిస్తున్నాను. ఈ సభలో చెప్పవచ్చా అంటే చెప్పమంది. "నా పేరు మాత్రం పెట్టకు. పెట్టాల్సి వస్తే నేనే పెట్టుకుంటాను, నేను రాసినప్పుడు" అంది. రాస్తుందో లేదో తెలియదు. వచ్చేటప్పుడు నా దగ్గరున్న తెల్లకాగితాల పుస్తకం మాత్రం అడిగి తీసుకుంది.

ఇక నా మనవులు రెండు. ఒకటి, మన సంఘం భవనంలో నెలకో ఆదివారం రెండు గంటలు మాకు ఇవ్వండి. పెన్ను, కాగితం, ఇందాక చెప్పిన కట్టుబాట్లు చాలు. మాస్టార్లు కూడా రావాలి. అయితే మా తప్పులు దిద్దకూడదు, అదే షరతు. ఎవరికైనా మరీ పెద్ద గాయం ఉంటే, అది రాయమని మేము బలవంతపెట్టం. పొయ్యి ఎటువైపు ఉండేదో రాసినా చాలు.

రెండోది ముఖ్యమైనది. ఈ సంచికలో వేయడానికి తయారుచేసిన బ్యాచీల జాబితాలు కార్యదర్శిగారు నాకు చూపించారు. ఎంతో కష్టపడ్డారు, కాదనను. కానీ అందులో ఉన్నవి పదో తరగతి పాసయినవాళ్ల పేర్లే. మాతో పాటు ఒకటో తరగతిలో పలక పట్టుకుని వచ్చి, పెళ్లని, పొలమని, అప్పులని, తమ్ముణ్ణి ఎత్తుకోవాలని మధ్యలో ఆగిపోయినవాళ్లు ఏ జాబితాలోనూ లేరు. మాస్టార్లు పేరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అన్నవాళ్లేగా వాళ్లూ. అడ్మిషను రిజిస్టరు తెరిచి చూడండి. ఒక్కొక్కరినీ వెతికి, ఒప్పుకున్నవాళ్ల పేర్లు చేర్చండి. వెతకడానికి నేను వస్తాను. 39 ఏళ్లు చిరునామాలు వెతికినదాన్నే కదా.

ఈసారి ఎవరి అరుగూ తప్పించుకుని వెళ్లను.